నా జడలో ఇంకా ఎనిమిది సెంటీమీటర్లు పాతవే

2025 ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతానికి అమ్మ పెద్దాపురం నుంచి హైదరాబాద్ వచ్చింది. పూజకి ముందు నన్ను కింద కూర్చోబెట్టుకుని జడ వేసింది. అమ్మ నాకు జడ వేసి నాలుగేళ్ళు దాటింది. వెయ్యడానికి అసలు జుట్టు ఉంటేగా! పూజయ్యాక నేనే టేపు తెచ్చి మెడ దగ్గర్నుంచి చివరి దాకా కొలిచాను. 59 సెంటీమీటర్లు. 2022 జనవరిలో పార్లర్‌లో కత్తిరించుకుని వచ్చిన రోజున ఇదే టేపుతో కొలిస్తే 18 ఉంది.

ఈ మూడున్నరేళ్ళలో ఏం చేశావని డ్యూటీలో అమ్మాయిలు అడుగుతూనే ఉంటారు. "అక్కా, ఏ నూనె వాడావు?" అనే ప్రశ్నే ఎక్కువ. నూనె పేరు చెబితే సరిపోయే విషయం కాదిది. అసలు జుట్టు ఎలా పోయిందో ముందు చెబితేనే మిగతాది అర్థమవుతుంది. అందుకే అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. 2020 ఏప్రిల్ నుంచి కోవిడ్ శాంపిల్స్ పని. ఇంట్లో చిన్న బాబు, పెద్దవాళ్ళు. డ్యూటీ దిగి ఇంటికి రాగానే ఎవరినీ ముట్టుకోకుండా నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్ళి, బట్టలు బకెట్లో పడేసి, తలస్నానం చేసేదాన్ని. షాంపూ ఒకసారి రాస్తే నమ్మకం కుదిరేది కాదు, రెండోసారి కూడా రుద్దేదాన్ని. మాడు ఒక్కటే అయితే వేరు, జడ చివరిదాకా బట్టలు ఉతికినట్టు రెండు చేతుల మధ్య పెట్టి నలిపేదాన్ని. వేడి నీళ్ళు. ఆ తర్వాత టవల్‌తో గట్టిగా తుడుచుకుని, తడి జుట్టునే ముడి వేసుకుని పడుకోవడం. పొద్దున్నే ఆ ముడి మీదే క్యాప్.

భయం తగ్గాక కూడా ఆ అలవాటు పోలేదు. 2021 డిసెంబర్ దాకా, అంటే సుమారు ఇరవై నెలలు, వారానికి ఆరు రోజులు ఇదే వరస. ఒకరోజు కూర్చుని లెక్క వేశాను. దగ్గర దగ్గర ఐదు వందల తలస్నానాలు. మా అమ్మమ్మ వారానికి ఒక్కసారి తలంటు పోసుకునేది. ఆ లెక్కన ఐదు వందలంటే ఆవిడకి తొమ్మిదిన్నరేళ్ళు పట్టేది. తొమ్మిదిన్నరేళ్ళ తలంట్లు నా జుట్టు ఇరవై నెలల్లో భరించింది.

మొదట్లో తెలియలేదు. చిక్కు ఎక్కువ పడుతోందనుకున్నాను. తర్వాత జడ కింది సగం సన్నబడి ఎలుక తోకలా అయింది. పైన పిడికెడు, చివర చిటికెన వేలంత. దువ్వితే ముక్కలు ముక్కలుగా నేల మీద రాలేవి. దానికి తోడు 2021 మేలో నాకూ కోవిడ్ జ్వరం వచ్చింది. ఆగస్టు వచ్చేసరికి కుదుళ్ళతో సహా గుప్పెళ్ళ కొద్దీ ఊడటం మొదలైంది. రాత్రిపూట దిండు మీద చెయ్యి వేస్తే వెంట్రుకలు తగిలేవి. ఆ దుఃఖం చిన్నదేమీ కాదు. మనుషులు పోతున్న రోజుల్లో జుట్టు కోసం ఏడవడమేమిటని ఎవరికీ చెప్పుకోలేకపోయాను.

2022 ఫిబ్రవరిలో పిన్ని కూతురి పెళ్ళి. అప్పటికే భుజాల దాకా కత్తిరించేశాను. అందరికీ పూలజడలు. నాకు సవరం పెట్టాలంటే పట్టుకోవడానికి జుట్టు చాల్లేదు, పిన్నులు జారిపోతున్నాయి. మా పెద్దమ్మ నాలుగోసారి గుచ్చుతూ, "జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనే" అని ఊరికే అంది. నన్ను నొప్పించాలని అనలేదు, అలవాటుగా నోటి వెంట వచ్చింది. నేను లేచి వెళ్ళి మామూలు క్లిప్ పెట్టుకుని కూర్చున్నాను.

కత్తిరించుకోక ముందు జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. నా ఆలోచన మారింది దానివల్లే. ఒక నైట్ డ్యూటీలో శాంపిల్స్ తగ్గాక, నా తలలోంచి ఒక పొడవాటి వెంట్రుక తీసి మూడు ముక్కలు చేశాను. కుదురు వైపుది, మధ్యది, చివరిది. మూడు స్లైడ్ల మీద ఒక్కో నీటి చుక్క వేసి, కవర్ స్లిప్ పెట్టి, మైక్రోస్కోప్ కింద చూశాను.

కుదురు వైపు ముక్క ఎంత బాగుందంటే, అంచులు గీత గీసినట్టు నున్నగా ఉన్నాయి. మధ్య ముక్కలో అక్కడక్కడ అంచు లేచిపోయి గరుకుగా ఉంది. చివరి ముక్క చూసి కళ్ళు తిప్పుకోలేకపోయాను. ఒకచోట వెంట్రుక కణుపులా ఉబ్బి, లోపలి పోగులు బయటికి విచ్చుకుని ఉన్నాయి. రెండు చీపుళ్ళని ఎదురెదురుగా ఒకదాంట్లో ఒకటి గుచ్చితే ఎలా ఉంటుందో అచ్చం అలా. అక్కడ చిన్న లాగుడు పడితే చాలు, పుటుక్కున తెగుతుంది. కొస మూడు పాయలుగా చీలిపోయింది. పొద్దున డ్యూటీకి వచ్చిన పాథాలజిస్ట్ మేడమ్‌కి చూపిస్తే, "ట్రైకోరెక్సిస్ నోడోసా అమ్మా ఇది. ఏం చేస్తున్నావు జుట్టుకి?" అని అడిగారు.

నాకు ధైర్యం ఇచ్చింది ఆ మొదటి స్లైడే. కుదురు దగ్గర వెంట్రుక బాగానే పుడుతోంది. పుట్టినదాన్ని నేనే పాడు చేస్తున్నాను. అంటే పాడు చేయడం మానేస్తే మంచి జుట్టు దానంతట అదే కిందికి దిగుతుంది.

వెంట్రుక పై పొర గురించి కొంచెం చెప్పాలి. మా అమ్మమ్మ వాళ్ళ బంగళా పెంకుల ఇల్లు గుర్తొస్తుంది నాకు. పై పెంకు కింది పెంకు మీదికి ఎక్కి ఉంటుంది, వాన జర్రున జారిపోతుంది. వెంట్రుక మీద కూడా అలాగే పొలుసులు కుదురు నుంచి కొస వైపు ఒకదాని మీద ఒకటి పరిచి ఉంటాయి. వాటి మీద కంటికి కనబడని పల్చటి కొవ్వు పొర ఉంటుంది. జుట్టు నున్నగా జారడానికి కారణం అదే. పదే పదే రుద్ది కడిగితే ముందు ఆ పొర పోతుంది, తర్వాత పెంకులు లేస్తాయి, ఆ తర్వాత లోపలి పోగులు బయటపడతాయి. పైగా వెంట్రుక తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే మళ్ళీ దగ్గరపడుతుంది. రోజూ ఉబ్బడం, రోజూ ముడుచుకోవడం. తడి మీద ఉన్నప్పుడు బలం కూడా తక్కువ. అప్పుడే నేను టవల్‌తో నలిపి, దువ్వి, ముడి వేసేదాన్ని.

బయటికి వచ్చిన వెంట్రుకలో ప్రాణం ఉండదు. చర్మం తెగితే మానుతుంది, వెంట్రుక చీలితే అతుక్కోదు. చీలిన కొసల్ని అతికిస్తామని ఎవరు చెప్పినా నమ్మకండి. పైపైన పూత పూసి కొన్నాళ్ళు నున్నగా కనిపించేలా చేయగలరు, అంతే.

నెలకి సుమారు ఒకటింపావు సెంటీమీటర్ పెరుగుతుంది అనుకుంటే, నడుము దాకా ఉన్న జడ కొసకి నాలుగైదేళ్ళ వయసు ఉంటుంది. అన్నేళ్ళ ఎండ, దువ్వెన, నీళ్ళు చూసింది అది. అమ్మ పెళ్ళినాటి ధర్మవరం పట్టుచీర బీరువాలో ఉంది. దాన్ని ఎవరైనా రోజూ సబ్బు నీళ్ళలో పిండుతారా? పట్టు కూడా వెంట్రుకలాగే ప్రోటీన్ పోగే. ఈ పోలిక నా మనసులో పడ్డాక నా చెయ్యి దానంతట అదే మెత్తబడింది.

ఇక అసలు సంగతికి వస్తాను.

ముందు రక్త పరీక్ష. ఊడటం వేరు, విరగడం వేరు. ఊడిన వెంట్రుకకి ఒక కొసన తెల్లటి చిన్న బొడిపె ఉంటుంది, విరిగిన దానికి ఉండదు. రోజుకి యాభై నుంచి వంద ఊడటం అందరికీ మామూలే. నాకు రెండూ ఉన్నాయి. గట్టి జ్వరం తర్వాత రెండు మూడు నెలలకి జుట్టు ఊడుతుంది, చాలామందికి ఆరు నెలల్లో అదే ఆగిపోతుంది. మేలో జ్వరం, ఆగస్టులో ఊడటం అందుకే. అయినా స్కిన్ డాక్టర్ గారు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ చేయించమన్నారు. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ 10.4, ఫెరిటిన్ 11. మా ల్యాబ్‌లో ఆడవాళ్ళకి ఫెరిటిన్ కింది హద్దు 13. రోజూ వందల మంది రిపోర్టులు చూసే నేను, నాది ఎప్పుడూ చూసుకోలేదు. ఐరన్ మాత్రలు మూడు నెలలకి పైగా వాడాను. మాత్రకి దగ్గరలో టీ తాగొద్దన్నారు, నిమ్మకాయ నీళ్ళతో వేసుకునేదాన్ని.

బయోటిన్ అనే బి విటమిన్ గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఇది నా వృత్తికి సంబంధించిన విషయం. జుట్టు కోసం ఎక్కువ మోతాదు బయోటిన్ మాత్రలు మింగుతూ రక్త పరీక్షకి వచ్చేవాళ్ళని చూస్తూనే ఉంటాను. కొన్ని మెషీన్లలో ఆ బయోటిన్ పరీక్షకే అడ్డం పడుతుంది. థైరాయిడ్ కోసం చూసే టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువ చూపించొచ్చు, గుండెపోటుకి చేసే ట్రోపోనిన్ కూడా తప్పుగా తక్కువ రావచ్చు. అమెరికాలో మందుల మీద నిఘా పెట్టే ఎఫ్‌డీఏ 2017లోనే దీని మీద హెచ్చరిక ఇచ్చింది. మీరు వాడుతుంటే శాంపిల్ ఇచ్చే ముందే డాక్టర్‌కి, ల్యాబ్ వాళ్ళకి తప్పకుండా చెప్పండి. శరీరంలో లోపం లేనప్పుడు దానివల్ల జుట్టుకి పెద్దగా ఒరిగేది కూడా ఏమీ లేదు.

తర్వాత నీళ్ళు. మేం ఉండేది నిజాంపేటలో. బాత్రూమ్‌కి వచ్చేది బోరు నీళ్ళు. కుళాయిల మీద తెల్లగా పొరలు కడుతుంది, బకెట్లు నెలకోసారి యాసిడ్‌తో కడగాలి. నీళ్ళ హార్డ్‌నెస్ (కాఠిన్యం) చూసే చిన్న కిట్ తెచ్చి చూశాను. చుక్కలు వేస్తూ పోతే నీళ్ళ రంగు వైన్ ఎరుపు నుంచి నీలానికి మారాలి. కాలేజీలో చేసిన టైట్రేషనే. ఎన్ని చుక్కలు వేసినా మారదే! చివరికి లీటరుకి 580 మిల్లీగ్రాములు తేలింది. మన దేశంలో ప్రమాణాలు పెట్టే బీఐఎస్ తాగునీటికి 200 దాటకూడదంటుంది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకుంటుంది. మున్సిపల్ నీళ్ళు, మా వైపు అందరూ మంజీరా నీళ్ళనే అంటారు, అదే కిట్‌తో చూస్తే 140 ఉన్నాయి. ఆ రోజు నుంచి తలస్నానానికి రెండు బకెట్లు మంజీరా నీళ్ళు పట్టి పెట్టుకుంటున్నాను. రాని రోజున బోరు నీళ్ళతోనే పోసుకుని, చివర రెండు చెంబులు తాగే నీళ్ళు జుట్టు మీద పోసుకుంటాను. ఒక్క నెలలోనే చేతికి తేడా తెలిసింది. జుట్టు మీద సున్నం పూసినట్టుండే ఆ గరుకు పోయింది.

తలస్నానాలు తగ్గించడంలో మాత్రం ఒక పొరపాటు చేశాను. రోజూ పోసుకునేదాన్ని కాస్తా పట్టుదలకి పోయి పది రోజులకి ఒకసారి చేశాను. నాలుగో నెలకల్లా మాడు దురద, చుండ్రు, పాపిట్లో ఎర్రగా పొక్కులు. అమ్మ ఫోన్‌లో విని, "కుదుళ్ళకి నూనె పెట్టవే, ఎండిపోయి ఉంటుంది" అంది. పెట్టాను, ఇంకా ఎక్కువైంది. చుండ్రుకి కారణమయ్యే ఫంగస్ మాడు మీది జిడ్డు తినే బతుకుతుంది. దానికి నూనె పెడితే తగ్గేదెలా? డాక్టర్ గారు కీటోకోనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలు వాడించారు, తగ్గింది. "మాడు చర్మం అమ్మా, దాన్ని కడగాల్సిందే. జడని ఉతక్కు, అంతే" అన్నారావిడ. ఈ ఒక్క మాట 2020లో ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

ఇప్పుడు చలికాలం ఐదు రోజులకి ఒకసారి, ఎండాకాలం మూడు రోజులకి ఒకసారి. షాంపూ అయినా కుంకుడు రసమైనా మాడుకే రాస్తాను, వేళ్ళ మెత్తలతో. నీళ్ళు పోసుకున్నప్పుడు జడ మీదుగా కారే నురుగే జడకి చాలు. షాంపూ వాడిన రోజు చెవుల కిందినుంచి కండిషనర్ రాస్తాను. ఎంత పొద్దుపోయినా తడి జుట్టుతో పడుకోను.

కుంకుళ్ళ గురించి ఒక మాట. మొదట్లో సహజమైనది కదా అని ఇష్టమొచ్చినట్టు చిక్కగా వాడాను, జుట్టు కొబ్బరి పీచులా అయింది. కుంకుడు కూడా జిడ్డుని గట్టిగానే లాగేస్తుంది. మన పెద్దవాళ్ళు నూనె బాగా పట్టించి, ఆ నూనె వదలడానికి కుంకుడు వాడేవాళ్ళు. మనం నూనె వదిలేసి కుంకుడు మాత్రం పట్టుకున్నాం. ఇప్పుడు పది కాయలు చితక్కొట్టి, గింజలు తీసేసి, వేడి నీళ్ళలో నానబెట్టి, పిసికి, పల్చటి గుడ్డలో రెండుసార్లు వడగడతాను. లేకపోతే తుక్కు జుట్టులో ఇరుక్కుంటుంది. అందులో గుప్పెడు మందారాకులు నలిపి వేస్తే జిగురు వచ్చి చిక్కు సులువుగా వదులుతుంది. కళ్ళలో పడితే మంటకి అమ్మమ్మ నాలుగు ఉప్పు రాళ్ళు నోట్లో వేసేది. మా బాబుకి నేనూ అదే చేస్తున్నాను.

నూనె తలస్నానానికి ముందు రాత్రి. రెండు చెంచాల కొబ్బరి నూనె, మెడ కిందినుంచి చివర్ల దాకా. మాడుకి లేదు. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకగలదని, కడిగేటప్పుడు పోయే ప్రోటీన్‌ని తగ్గిస్తుందని 2003లో మన దేశంలోనే చేసిన పరిశోధన ఉంది. మినరల్ ఆయిల్, పొద్దుతిరుగుడు నూనెలకి ఆ గుణం కనపడలేదు. లోపల నూనె ఉంటే నీళ్ళు తక్కువ పీల్చుకుంటుంది, తక్కువ ఉబ్బుతుంది. ఆముదం ఒత్తుగా పెంచుతుందంటారు కానీ, దాని జిడ్డు వదలడానికి మళ్ళీ రెండుసార్లు రుద్దాల్సి వచ్చింది, మానేశాను. గంజి పెడితే నా జుట్టు పుల్లల్లా బిగుసుకుంది. ఉల్లిపాయ రసం మాడు మండించింది.

తడి తుడవడానికి అమ్మ పాత నేత చీర ముక్క. నలపడం లేదు, అద్దడమే. ముప్పాతిక ఆరాక పళ్ళు దూరంగా ఉన్న దువ్వెనతో కింది నుంచి పైకి, జానెడు జానెడు చిక్కు తీస్తాను. రాత్రికి వదులు జడ. డ్యూటీలో క్యాప్ కింద మెత్తటి కాటన్ గుడ్డ. ఎనిమిది తొమ్మిది నెలలకోసారి మా వీధి పార్లర్‌లో రెండు సెంటీమీటర్లు కత్తిరిస్తారు. ఇప్పటికి ఐదుసార్లు, మొత్తం పది సెంటీమీటర్లు పోయాయి. పోయినందుకు బాధ లేదు. చీలిన కొసని వదిలేస్తే ఆ చీలిక పైకి పాకుతుంది.

మొదటి ఏడాది చాలా కష్టం. ఎంత చేసినా కనపడదు. అప్పుడే ఫొటోలు తీయడం మానేసి నెలకోసారి టేపు పెట్టి క్యాలెండర్ వెనక రాయడం మొదలుపెట్టాను. ఆ అంకెలు కదలడం చూస్తే కాస్త టెన్షన్ తగ్గేది. పాపిడి పక్కన నుదుటి మీద చిన్న చిన్న కొత్త వెంట్రుకలు లేచినప్పుడు, అవి విరిగినవేమోనని మళ్ళీ స్లైడ్ పెట్టి చూశాను. కొసలు సన్నగా, సూదిగా ఉన్నాయి. విరిగినవైతే మొండిగా ఉంటాయి. కొత్తగా మొలిచినవే. ఆ రాత్రి ల్యాబ్‌లో ఒక్కదాన్నే ఉన్నాను, నవ్వొచ్చేసింది.

మొన్న జడ వేస్తూ అమ్మ చివర్న ఆగింది. రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, "పైనంతా పట్టులా ఉందే, ఇక్కడేమిటి ఇలా గరుగ్గా?" అంది. అమ్మ వేళ్ళకి మైక్రోస్కోప్ అక్కర్లేదు. 2022లో కత్తిరించగా మిగిలిన పద్దెనిమిదిలో పది పోగా, ఆ చివరి ఎనిమిది సెంటీమీటర్లు ఇంకా 2021 నాటివే. జ్వరం తర్వాత ఊడటం, రోజూ రెండుసార్లు షాంపూ, అన్నీ చూసినవి.

"తీయించెయ్యవే" అంది అమ్మ. ఒకేసారి వద్దమ్మా, సంక్రాంతికి నాలుగు, మళ్ళీ ఏడాదికి నాలుగు అన్నాను. సరేనని తన సంచిలోంచి నల్లదారం జడకుప్పెలు తీసి, ఆ గరుకు భాగం చుట్టూ తిప్పి బిగించి కట్టింది.